గడప పలక

చనిపోయే ముందు ఆరు నెలలు వెంగమ్మ ఒక్క అక్షరం చదవలేదు. చదవలేకపోయింది. బడిపంతులమ్మగా జుట్టు నెరిసిన మనిషి, మందుల అట్టను అటూ ఇటూ తిప్పి, "ఇది పొద్దుటిదా, మాపటిదా?" అని మొగుణ్ణి అడిగేది. గోడ మీద క్యాలెండరు కేసి చూసి చూపు తిప్పుకునేది. ఆమెకు అది చీమలు పాకిన కాగితం.

ఆమె తలలోంచి ఆ చదువును తీసినవాడు ఆ మొగుడే. పేరు గురవయ్య. హైదరాబాదులో మెదడు పరిశోధన సంస్థలో పెద్ద శాస్త్రజ్ఞుడు. ఆమె అడిగితేనే తీశాడు. పెళ్ళాం అడిగినవన్నీ ఇచ్చిన మొగుడు కాదు. ఇదొక్కటే ఇచ్చాడు.

ఆ ఆరు నెలలూ సెలవు పెట్టి ఇంట్లోనే ఉండి, రోజూ పేపరు చదివి వినిపించాడు. ఆమె వినేది, లేదా విన్నట్టు పడుకునేది. ఒక సాయంత్రం మటుకు మధ్యలో ఆపింది.

"పేపరు చాల్లే. అటక మీద పలకుంది. దింపండి."

"పలకెందుకు?"

"ఊరికే."

ఆయాసంతో ఉన్న మనిషి, పాత వస్తువు మీద మమకారం కాబోలనుకున్నాడు. "అటకంతా దుమ్ము. నీకు దుమ్ము పడదు," అన్నాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. మళ్ళీ అడగలేదు.

*

మార్కాపురం పక్కన ఉప్పలగుట్ట అనే పల్లె. నేల తవ్వితే పొరలు పొరలుగా నల్లరాయి. ఆ రాయిని చీల్చి, కోసి, నున్నగా రుద్ది, చెక్కచట్రం బిగిస్తే పలక. ఒకప్పుడు ఆ పల్లె పలకల మీద ఏయే దేశాల పిల్లలు అక్షరాలు దిద్దారో ఎవరికీ తెలియదు. పలకలు చేసే ఇళ్ళలో మాత్రం దిద్దినవాళ్ళు తక్కువ. పిల్లలకు కాళ్ళు నిలవగానే షెడ్డులో చట్రాలకు మేకులందించే పని ఉండేది. ఉండేదేముంది, ఇప్పటికీ ఉంది.

గురవయ్య తండ్రి అక్కడ రాయి చీల్చినవాడే. గురవయ్య ఆ పల్లె బడిలో, ఒకే గది, ఒకే పంతులు ఉన్న బడిలో చదివి బయటపడ్డాడు. వెంగమ్మ అదే బడికి పంతులమ్మగా వచ్చి, బయటపడనంది. అతను హైదరాబాదు రమ్మన్నాడు.

"మీ ఊరికి మీరెటూ అక్కరకు రాలేదు. నన్నన్నా ఉండనియ్యండి," అంది.

పెళ్ళయిన నాటి నుంచీ వాళ్ళది శని ఆదివారాల కాపురం. పిల్లలు లేరు.

ఆమె బడిలో ఒక పద్ధతి ఉండేది. పిల్ల ఒక అక్షరం నేర్చుకుంటే రెండోది వెంటనే చెప్పేది కాదు. నేర్చిన అక్షరాన్ని బడి మొహం చూడని ఎవరికో ఒకరికి నేర్పి రావాలి. అమ్మకో, తాతకో, మేకలు కాసే మేనమామకో. వాళ్ళ చేత పలక మీద రాయించి, అది చెరిగిపోకుండా పట్టుకుని మర్నాడు బడికి రావాలి. వంకరటింకరగా ఉన్న ఆ పెద్దచేతి రాత చూశాకే రెండో అక్షరం. సాయంత్రమయితే ప్రతి గడప మీదా ఒక పిల్లా ఒక పెద్దా తలలు దగ్గర పెట్టుకుని పలక మీద పోట్లాడుకుంటూ కనిపించేవాళ్ళు. అందుకని ఊళ్ళో దాన్ని గడప పలక అన్నారు.

"ఇంకొకరికి చెప్పినాకే అది నీదైనట్టు," అనేది వెంగమ్మ. తనిఖీకి వచ్చినవాళ్ళు పాఠాలు వెనకబడ్డాయని రాసిపోయేవాళ్ళు. ఆమె వాళ్ళకు మజ్జిగ ఇచ్చి పంపేది.

ఆమె రిటైరైన ఏడాదే బడి మూశారు. పిల్లలు చాలరని చెప్పారు. పిల్లలు షెడ్డుల్లో ఉన్నారు. లెక్కపెట్టడానికి వచ్చినవాళ్ళు షెడ్డులకు పోలేదు. వెంగమ్మ ఊపిరితిత్తుల్లో పలకదుమ్ము గడ్డకట్టిందని తేలింది కూడా అప్పుడే.

*

హైదరాబాదులో గురవయ్య చేస్తున్న పని ఈ గోలకు సంబంధం లేనిది. పక్షవాతం వచ్చి చదువు పోయిన మనుషులకు చదువు తిరిగి తెప్పించాలని అతని తాపత్రయం. చదవడం, రాయడం అనేవి మెదడులో ఒకచోట పడే ముడి అని అతను కనిపెట్టాడు. ఒకరి తలలో ఆ ముడి ఎట్లా అల్లుకుందో చూసి, అట్లాగే ఇంకొకరి తలలో అల్లే యంత్రం కట్టాడు. రెండు తలలకు రెండు తొడుగులు, మధ్యన గదినిండా సరంజామా. ల్యాబులో అందరూ దాన్ని టోపీ అనేవాళ్ళు.

మొదటిసారి టోపీ పెట్టుకున్నది శ్రీకర్ అనే కుర్ర పరిశోధకుడు. రెండో టోపీ పక్షవాతం వచ్చిన ఒక బ్యాంకు గుమాస్తాకి. పని అయ్యాక గుమాస్తా లేచి కూర్చుని గోడల మీద ఉన్నదంతా గట్టిగా చదివాడు. ల్యాబంతా చప్పట్లు. శ్రీకర్ నవ్వుతూ మంచినీళ్ళకని బయలుదేరి తలుపు దగ్గర ఆగిపోయాడు. తలుపు మీద 'లాగండి' అని ఉంది. అతను నెట్టాడు. మళ్ళీ నెట్టాడు. తర్వాత ఆ అక్షరాల కేసి చూస్తూ నిలబడిపోయాడు. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

దీపంతో దీపం వెలిగించడం కాదది. కుండలోంచి కుండలోకి నీళ్ళు వంపడం. ముడి ఎట్లా అల్లుకుందో చూడాలంటే యంత్రం దాన్ని విప్పక తప్పలేదు. హడలిపోయి వెంటనే శ్రీకర్ తలలోకి తిరిగి వంపేశారు. గుమాస్తా మళ్ళీ గోడ కేసి చూస్తూ కూర్చున్నాడు.

విప్పినచోట మళ్ళీ ముడి పడదని గురవయ్య తన పరిశోధన పత్రంలో రాశాడు. పక్షవాతం రోగులకు ఎంత నేర్పినా పడలేదు. ఇక్కడా పడదనుకున్నాడు. పరీక్షించలేదు. పరీక్షించావా అని ఎవరూ అడగలేదు.

ఆ శనివారం ఇంటికి పోయి వెంగమ్మకు చెప్పాడు. ఆమె మంచం మీద దిండుకు ఆనుకుని, దగ్గుకూ దగ్గుకూ మధ్య విన్నది.

"అయితే నాది తీసి ఎస్తేరుకియ్యండి," అంది.

ఎస్తేరు, షెడ్డులో పలకలు కడిగే దీనమ్మ మనవరాలు. తల్లి లేదు. బడి మూసినాక ఊళ్ళో పలక పట్టే ఈడుకొచ్చిన మొదటి పిల్ల.

"పిచ్చా నీకు? చదువు లేకుండా ఎట్టా బతుకుతావు?"

"నేను బతికే సంగతి కాదులే ఇప్పుడు మాట." ఊపిరి కూడదీసుకుంది. "దానికి నేర్పాలంటే నాకు టైము గావాల. లేదు. నాతో కాటికి పోయేదేగా. దానికొస్తే అది ఇంకోదానికి చెప్తాది. బడి లేకపోయినా గడపలుండాయి గదా."

ఆ మాట మీద అతను ఒప్పుకున్నాడు.

హైదరాబాదు నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఎస్తేరు కారు అద్దానికి ముక్కు ఆనించి దారిపొడుగునా బోర్డులు చదివింది. ఎరువుల కొట్టు. దంతవైద్యశాల. ఇచట మూత్రము పోయరాదు. దీనమ్మ పక్కన కూర్చుని ఏడ్చింది, నవ్వింది, పిల్ల నెత్తిన ముద్దు పెట్టుకుంది. వెంగమ్మ ముందు సీట్లో ఉంది. అవే బోర్డుల కేసి చూస్తూ కూర్చుంది.

*

ఆ సంగతి లోకమంతా పాకింది. జెనీవాలో సార్వత్రిక అక్షర నిధి అని ఒక సంస్థ. దాని సభకు గురవయ్యను పిలిచారు. వెంగమ్మ పోయి అప్పటికి నెల.

ప్రపంచంలో ప్రతి బిడ్డకూ ఒక బడి, ఒక పంతులు ఇవ్వడానికి ఎంత సొమ్ము కావాలో ఆ సభకు చాలా ఏళ్ళుగా తెలుసు. ఏటా ఆ అంకె చదివేవాళ్ళు, ఏటా తలలు ఊపేవాళ్ళు. సొమ్ము లేక కాదు. ఉంది. సముద్రాల్లో జలాంతర్గాములై తిరుగుతోంది. గుట్టల కింద క్షిపణులై పడుకుంది. వాటిలో పిసరంత ఇటు తిప్పమని అడిగే నోరు ఆ హాల్లో లేదు. అటువంటి చోటికి టోపీ పోయింది.

"ఇక డబ్బు ప్రశ్నే లేదు," అన్నాడు అధ్యక్షుడు. అతను ఒక ధనిక దేశం మనిషి, మృదువుగా మాట్లాడతాడు. "చదువు ఇప్పటికే ప్రపంచంలో ఉంది. ఉండకూడని చోట ఉంది, వృద్ధుల దగ్గర. దాని చోటు మార్చడమే మన పని."

ఆఫ్రికాలో ఒక చిన్న దేశపు విద్యామంత్రి, తందీవె అనే ఆవిడ, చెయ్యెత్తింది. "ఎవరి వృద్ధులు?"

"ఏ దేశపు పిల్లలకు ఆ దేశపు వృద్ధులు."

"మీ వృద్ధులు మా పిల్లలకు ఇవ్వకూడదా? మీకు వృద్ధులు ఎక్కువ కదా."

"ఇవ్వాలనే ఉంటుందమ్మా. భాష కుదరదు."

హాల్లో కొందరు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "మరి బడులు?" అంది.

"వాటితో ఇక పనేముంది?"

గురవయ్య అక్కడే కూర్చుని ఉన్నాడు. నోరు మెదపలేదు. ఎస్తేరు చదువుతోంది, అది నిజం. ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని, మిగతాది చెవిన వేసుకోకుండా ఇంటికి వచ్చాడు. ఉద్యోగం వదిలేసి ఉప్పలగుట్టలో వెంగమ్మ ఇంట్లో ఉండిపోయాడు. ల్యాబు పగ్గాలు శ్రీకర్ చేతికి వచ్చాయి.

*

నిధి వాళ్ళు మొదట కొన్ని జిల్లాల్లో ప్రయోగం పెట్టారు. దానికి అక్షరదానం అని పేరు. అందరికంటే ముందు రిటైరైన పంతుళ్ళ ఇళ్ళకు వెళ్ళారు. జీవితమంతా చెప్పారు, చివరగా ఒక్క బిడ్డకు ఇవ్వలేరా అన్నారు. ఏ పంతులు కాదనగలడు? ఇచ్చినవాళ్ళకు శాలువా కప్పి, అద్దం బిగించిన జ్ఞాపిక చేతిలో పెట్టి, చప్పట్లు కొట్టి ఇంటికి పంపారు.

రెండేళ్ళు గడిచాయి. ఒక ఉదయం కాశిరెడ్డి వచ్చాడు. పక్క ఊరి హైస్కూలులో హెడ్మాస్టరు చేసి రిటైరైనవాడు. చిన్నప్పుడు గురవయ్యతో ఒకే బెంచీ.

"ఏరా గురవా, పొయ్యి వెలిగించినావా, ఇల్లు తగలబెట్టినావా? వీధి చివరికి కొడతా ఉండాది కంపు."

"పప్పు. రా, తింటావా?"

"ఆ పాపం నాకెందుకు. వెంగమ్మ ఉన్నప్పుడు పిలవాల్సింది." అరుగు మీద కూర్చుని సంచీలోంచి జ్ఞాపిక తీశాడు. "ఇంట్లో కోడల్ని అడగాలంటే సిగ్గు. దీనిమీద ఏం రాశార్రా?"

గురవయ్య కళ్ళజోడు పెట్టుకున్నాడు. "'అక్షరదాత శ్రీ కాశిరెడ్డి గారికి కృతజ్ఞతలతో.'"

"ఇంతేనా?"

"ఇంతే."

"తప్పుల్లేవు గదా? తప్పులుంటే నేను ఒప్పుకోను."

"లేవు."

"ఉన్నా నాకేం తెలుస్తాదిలే." నవ్వాడు. ఆ నవ్వు ముఖం మీద కాసేపు అనవసరంగా ఉండిపోయింది. "చేతిలో ఎర్రకలం లేకుండా నిద్రపోయినోణ్ణి కాదు నేను. ఇప్పుడు బస్సెక్కాలంటే కండక్టర్ని అడగాల. వాడు నా శిష్యుడే. 'చదువు రాదా పెద్దాయనా' అన్నాడు, గుర్తుపట్టక."

గురవయ్య కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"ఇంక రాదంట గదా?"

"రాదు."

"నువ్వే రాసినావంట, రాదని."

"నేనే రాశాను."

కాశిరెడ్డి జ్ఞాపికను మళ్ళీ శాలువాలో చుట్టి, సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

*

అక్షరదానాన్ని ప్రపంచమంతటా పెట్టే ఒప్పందం మీద దేశాల ప్రతినిధులు ఉప్పలగుట్టలోనే సంతకాలు చేస్తారని కబురొచ్చింది. మొదటి అక్షరం దిగిన ఊరు గదా, ఫోటోలు బాగుంటాయి. మూసిన బడికి సున్నం కొట్టారు. షామియానా స్తంభాలు పాతారు.

సభ రేపనగా దీనమ్మ ఎస్తేరును చెయ్యి పట్టుకుని గురవయ్య దగ్గరికి లాక్కొచ్చింది. పిల్ల చంకలో పలక.

"దీనికి మీరన్నా బుద్ధి చెప్పండి సారూ. టీచరమ్మ పోతా పోతా ఏం చెప్పింది? నలుగురికీ చెప్పాల పాపా అని నెత్తిన చెయ్యి బెట్టి చెప్పింది. రెండేళ్ళ నుంచి పోరతా ఉండా, ఎవురికన్నా ఒక్క అచ్చరం చెప్పిందేమో అడగండి. దాని పిన్నమ్మ కూతురు అడిగితే పలక ఇసిరి కొట్టింది. పేపరు సదువుతాది గదా, పొగరు."

ఎస్తేరు తల వంచుకుంది. "పొగరు కాదు," అంది నేలతో.

గురవయ్య పలక తీసుకుని 'పలక' అని రాశాడు. "ఇదేమిటి?"

"పలక."

"ఇందులో 'ల' ఏది?"

పిల్ల అతని ముఖం కేసి చూసింది. "ఇది పలక," అంది మళ్ళీ.

"అవును. మధ్యలో ముక్క ఉంటుంది కదా, 'ల'. వేలు పెట్టి చూపించు."

ఎస్తేరు అరచెయ్యి మొత్తం ఆ మాట మీద పెట్టింది.

"సరే, నువ్వు రాయి."

బలపం అందుకుని ఒక్క ఊపులో రాసింది. గుండ్రంగా, నిండుగా, తలకట్టు కొంచెం కుడివైపు వాలి. అది వెంగమ్మ చేతిరాత. కొస కూడా తేడా లేదు.

దీనమ్మ వెళ్ళాక కూడా అతను ఆ పలక కేసి చూస్తూ కూర్చున్నాడు. వెంగమ్మ చిన్నప్పుడు ఆ అక్షరాలతో ఎన్ని తిప్పలు పడిందో, ఎన్నిసార్లు వంకర తిప్పి దెబ్బలు తిన్నదో, అదంతా వెంగమ్మతోనే పోయింది. ఎస్తేరుకు వచ్చింది తిప్పలన్నీ అయిపోయాక మిగిలిన ముడి. ఈ పిల్ల ఇల్లు చేరింది గానీ దారి నడవలేదు. నడవని దారి ఇంకొకరికి ఏం చూపిస్తుంది?

ఇక అక్కడి నుంచి ఆలోచన దానంతటదే నడిచింది. టోపీ పెట్టుకున్న పిల్లలంతా ఇంతే. చదువుతారు, చెప్పలేరు. వాళ్ళు ముసలివాళ్ళయ్యాక ఇంకొకరి తలలోకి వంపాలి. వంపకముందే ఎవరు చచ్చినా ఆ చదువు మట్టిలోకి. బడులు మూసేశాక కొత్తగా ఒక్క చదువూ పుట్టదు. ఉన్నది తరుగుతుంది. చెప్పడం తెలిసిన ఆఖరి మనిషి పోయాక, లోకం మిగిలిన నీళ్ళను కుండలు మార్చుకుంటూ కూర్చుంటుంది, ఎండిపోయేదాకా.

ఆ ఒక్కమాట కోసం ఇచ్చింది వెంగమ్మ. అది ఇంకోదానికి చెప్తాది అని.

*

సభ రోజు శ్రీకర్ అందరికంటే ముందు వచ్చాడు. సిల్కు లాల్చీ, మెడలో బ్యాడ్జి. గురవయ్య కాళ్ళకు మొక్కబోతే అతను కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. ఎస్తేరు సంగతి చెప్పాడు. శ్రీకర్ ఆశ్చర్యపోలేదు.

"తెలుసు సార్. రిపోర్టు చివర్లో పెట్టాం."

"ఎవరూ చూడనిచోట."

"చూసినా ఏం చేస్తారు సార్? బడులు కడతారా? మీరు జెనీవాలో కూర్చుని విన్నారు కదా. అన్నేళ్ళు అడిగారు, ఒక్కడు ఇచ్చాడా? ఇదన్నా ఇస్తున్నారు. ఉన్నది నిండుకునేటప్పటికి రెండు మూడు తరాలు పడుతుంది. అప్పటికి ఎవడో ఒకడు ఇంకోటి కనిపెడతాడు."

"వాడికి చదువెవడు చెప్తాడు?"

శ్రీకర్ బ్యాడ్జి సర్దుకున్నాడు.

"నువ్వు ఆ రోజు తలుపు దగ్గర నిలబడ్డావు," అన్నాడు గురవయ్య. "నీది నీకు తిరిగి ఇచ్చాం. కాశిరెడ్డికి శాలువా ఇచ్చారు."

"మైకు దగ్గర మాత్రం నాలుగు మంచి మాటలు చెప్పండి సార్. మేడం పేరు ఈ పథకానికి పెడుతున్నారు."

షామియానా కింద ఎస్తేరును కుర్చీ మీద నిలబెట్టారు. కొత్త గౌను. ఆ రోజు పేపరు చేతికిస్తే తడబడకుండా చదివింది. ప్రతినిధులు చప్పట్లు కొట్టారు. ఊరివాళ్ళు కూడా కొట్టారు. దీనమ్మ మాత్రం కొట్టలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని పిల్ల కాళ్ళ కేసి చూస్తోంది.

మైకు గురవయ్యకు ఇచ్చారు.

"ఈ ఊరి బడిలో ఒక ఆచారం ఉండేది," అన్నాడు. "నేర్చుకున్నవాళ్ళు ఇంకొకరికి నేర్పి చూపించాలి. మీలో తెలుగు రానివాళ్ళే ఎక్కువ. ఎవరన్నా ఒకరు వస్తే, ఈ పిల్ల ఒక్క అక్షరం నేర్పుతుంది."

దుబాసీ ఆ మాటలు చెప్పడం ముగియకముందే తందీవె లేచింది. చెప్పులు విప్పి, చీరలాంటి తన గుడ్డను మోకాళ్ళ మధ్య దోపుకుని, బడి గడప మీద కూర్చుంది. పక్కన చోటు చూపించి ఎస్తేరును పిలిచింది.

ఎస్తేరు 'అమ్మ' అని రాసింది. ఆవిడ తల అడ్డంగా ఊపి, ఒక వేలు చూపించింది. ఒక్కటే. మొదటిది.

ఎస్తేరు చెరిపింది. మళ్ళీ 'అమ్మ' అని రాసింది. బలపం ఆ మాట దగ్గర ఆగలేకపోతోంది. మూడోసారీ అదే.

"నేర్పమ్మా," అంది దీనమ్మ కూర్చున్నచోటి నుంచే. "టీచరమ్మ పరువు తీయబాక."

"నాకు తెలీదు నాయనమ్మా. అది ముక్కలు కాదు. అంతా ఒకటే." పిల్ల ఏడుపు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. తందీవె ఆమె వీపు మీద చెయ్యి వేసి, అట్లాగే ఉంచింది.

అప్పుడు గురవయ్య చెప్పాల్సింది చెప్పాడు. ఎక్కువ చెప్పలేదు. "ఇది చదువు చెప్పడం కాదు. ఉన్న చదువును ఆఖరుసారి ఖర్చు పెట్టడం. బడి కట్టే డబ్బు మిగుల్చుకుని మీరు ఏం కొంటారో మీకు తెలుసు." దుబాసీ ఆఖరి మాటను సగమే చెప్పాడు.

అధ్యక్షుడు లేచి, భార్యను పోగొట్టుకున్న మహానుభావుడి ఆవేదనను ఈ సభ గౌరవిస్తుందన్నాడు. ఒక నిమిషం మౌనం పాటించారు. తర్వాత సంతకాలు చేశారు. తందీవె చెయ్యలేదు. ఆమె దేశానికి రావాల్సిన అప్పు ఆగిపోయిందని ఆ తర్వాత పేపర్లో చిన్న వార్త వచ్చింది.

సాయంత్రానికి షామియానా విప్పేశారు. బడికి తాళం వేశారు. సున్నం వాసన మాత్రం మిగిలింది.

*

మర్నాడు గురవయ్య అటకెక్కాడు. దుమ్ములో వెంగమ్మ పలక ఉంది. చట్రానికి ఒక మేకు తుప్పు పట్టింది. తుడిచి, ఎస్తేరును పిలిచి గడప మీద కూర్చోబెట్టి 'అ' రాశాడు.

"నాకు వచ్చు తాతా."

"రాదు. చదవడం వచ్చు. బలపం ఎడమచేత్తో పట్టుకో."

"ఎందుకు?"

"కుడిచెయ్యి నీది కాదు గనక."

ఎడమచేత్తో వెంగమ్మ రాత రాలేదు. ఏ రాతా రాలేదు. సున్నా గీయబోతే కోడిగుడ్డు వచ్చింది. ఎస్తేరు విసుక్కుంది, బలపం పారేసింది, ఇంటికి పారిపోయింది. దీనమ్మ చెవి పట్టుకుని తిరిగి తీసుకొచ్చింది. గురవయ్యకూ చెప్పడం చేతకాదు. ఎప్పుడూ చెప్పినవాడు కాదు. కసిరేవాడు. కసిరాక, వెంగమ్మ అయితే ఏం చేసేదో అని ఆలోచించేవాడు, గుర్తొచ్చేది కాదు, శనివారం రాత్రి వచ్చి ఆదివారం పోయేవాడికి బడి కనిపించేది కాదు గదా. ఎండాకాలం పోయి వానలు వచ్చాయి. ఒక రోజు ఎస్తేరు పేపరు మీద 'అమ్మకానికి' అన్న మాటలో మొదటి అక్షరం మీద వేలు పెట్టి, మిగతా దాన్ని అరచేత్తో కప్పి, "ఇదొక్కటే 'అ'," అంది. అన్నాక తనే బిత్తరపోయింది.

"ఇక పో," అన్నాడు గురవయ్య. "ఎవరికన్నా నేర్పి, రాయించుకుని రా. అప్పుడే రెండోది."

పిల్ల పలక తీసుకుని వెళ్ళింది. రెండు రోజులు రాలేదు. మూడో రోజు పొద్దున పలకను రెండు చేతులతో, చారు గిన్నె మోసినట్టు మోసుకుంటూ వచ్చింది.

పలక మీద 'అ' ఉంది. పెద్దది, వణికింది, పొట్ట దగ్గర సొట్ట పడింది.

"ఎవరు రాశారు?"

"కాశిరెడ్డి తాత."

గురవయ్యకు కోపం వచ్చింది. "ఆయనకు రాదు. నువ్వు చెయ్యి పట్టుకుని గీయించావు."

"లేదు తాతా, ఒట్టు. మొన్న చెప్తే రాలేదు. తిట్టాడు. నిన్న చెప్తే సగం వచ్చింది. ఇయ్యాల నేను పోయేసరికి తనే నేల మీద కట్టెపుల్లతో రాసుకుంటా ఉండాడు. ఇంట్లోకి పోయి ఆ శాలువా విప్పి అద్దం పటం తెచ్చి, మొదట్లో ఉండాది ఇదే గదా అని నాకే చూపించాడు." కాస్త ఆగింది. "ఏడ్చాడు తాతా. నేను కొట్టలా."

గురవయ్య పలక పట్టుకుని ఉండిపోయాడు. అక్షరదాత. మొదటి అక్షరం అదే.

విప్పినచోట ముడి పడుతుంది. ఎవరైనా పక్కన కూర్చుని, మొదటి నుంచి, ఓపికగా చెప్తే పడుతుంది. పడదని అతను రాశాడు. రాసింది అందరూ నమ్మారు, కాశిరెడ్డి నమ్మాడు, అతనూ నమ్మాడు. నమ్మనిది ఒక్కతే. ఆమె ఆరు నెలలు ఈ ఇంట్లోనే పడుకుంది. రోజూ సాయంత్రం అతను ఖాళీగానే ఉన్నాడు. ఆమె పలక అడిగింది. అతను పేపరు చదివాడు.

"తాతా," అంది ఎస్తేరు. "రెండోది చెప్పవా?"

చెప్పాలంటే పలక చెరపాలి. పిల్ల తడిగుడ్డ అందించింది. గురవయ్య దాన్ని తీసుకోలేదు. పలకను రెండో వైపుకు తిప్పి, ఒళ్ళో పెట్టుకుని, 'ఆ' రాశాడు.